సుగుణక్క టీ తాగినంతసేపు

చలికాలంలో గ్యాసు హీటరును తొలిసారి వెలిగించినప్పుడు దుమ్ము మాడే వాసన వస్తుంది. ఏడాదంతా లోపలి పింగాణీ పలక మీద పేరుకున్న దుమ్ము అది. ఎంత తుడిచినా కొంత మిగిలే ఉంటుంది. మొన్న భద్రాచలం రోడ్డులో ఒక హోటలు వరండాలో హీటర్లు శుభ్రం చేసి వెలిగించి చూస్తుంటే, ఆ వాసనలో సన్నగా ఈక కాలిన వాసన కూడా కలిసింది. కప్పు కింద పిచ్చుకలు గూడు పెట్టుకున్నాయి, వాటి ఈక ఏదో నా కంటబడకుండా జాలీలో ఇరుక్కుపోయినట్టుంది. హోటలాయన ముక్కు మూసుకుని, "ఏంది మేడం, కోడిని కాలుస్తున్నరా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. కానీ నా చేయి అప్పటికే గోడమీదికి వెళ్లిపోయింది, గోడ తడిగా ఉందేమో చూడడానికి. నాలుగు దిక్కులా గాలి ఆడే వరండాలో గోడ తడిగా ఎందుకుంటుంది? ఉండదు. అయినా చూస్తాను.

ఈక కాలిన ఆ వాసన నన్ను ఎప్పుడూ పెనుబల్లిలో మా పుట్టింటి గదిలోకి లాక్కెళ్తుంది, అక్కడి నుంచి సుగుణక్క దగ్గరికి. ఆమెను మీలో ఎవరూ చూసి ఉండరు. చూసి ఉంటే మర్చిపోయేవాళ్లు కాదు, ఎందుకంటే ఆమె మీతో ఏదో ఒక విషయంలో తగాదా పెట్టుకునే ఉండేది. నాకు పని నేర్పింది ఆమె. అంతకుముందే నాకు చేసిన మేలు ఇంకొకటి ఉంది. ఆమె లేకపోతే ఇవాళ నా ఇంట్లో ఒక గొంతు వినబడేది కాదు. అదీ సంగతి. మిగతాదంతా ఆ మనిషి ఎలాంటిదో చెప్పడానికే రాస్తున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో పెళ్లయి మణుగూరు వచ్చాను. మా ఆయన బొగ్గు లారీ నడిపేవాడు. లారీ ఎక్కితే మళ్లీ ఇంటికి ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. గోడలతో మాట్లాడడం అలవాటు కాకముందే ఏదైనా పని చూసుకోవాలనుకున్నాను. బస్టాండు వెనక వీధిలో సుగుణక్క దుకాణం ఉండేది. పొయ్యిలు బాగుచేయడం, హోటళ్లకు పెద్ద బర్నర్లు బిగించడం, సత్తుపల్లి వైపు కోళ్ల షెడ్లలో పిల్లలకు వెచ్చదనం ఇచ్చే గ్యాసు బ్రూడర్లు చూసుకోవడం, అన్నీ ఆమే చేసేది. కారేపల్లి పిల్ల, ఐటీఐలో ఫిట్టరు చదివింది. ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా చెప్పేది. సర్టిఫికెట్టుకు ఫ్రేము కట్టించి దేవుడి పటానికి జానెడు పైన తగిలించింది. "దేవుడేమనుకోడు. ఆయనకు పొయ్యి రిపేరు రాదు గదా" అనేది.

బిల్లులు రాయడానికి మనిషి కావాలని తెలిసి వెళ్లాను. ఆమె బల్ల మీద ఒక బర్నరు విప్పి పెట్టుకుని, మెత్తటి కుంచెతో దులుపుతోంది. తలెత్తకుండానే, "నీకు కోపమొస్తదా?" అని అడిగింది.

"రాదండీ" అన్నాను, ఉద్యోగానికి వచ్చినదాన్ని ఇంకేమంటాను.

"గట్లయితే కష్టమే. ఈ పనిల కోపం రావాలె. రాకపోతే మంది చెప్పినట్టల్ల బిగిస్తవ్." కాసేపు నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "సరే, బిల్లులే గదా. రేపొద్దుగాల రా" అంది.

ఆమె భర్తను అందరూ మాస్టారు అనేవాళ్లు. పక్క గదిలో మిషను కుట్టేవాడు. వంట కూడా ఆయనదే. ఇద్దరిలో గొంతు ఆమెది, వినికిడి ఆయనది. పెళ్లయిన కొత్తలో ఆయన కూడా మాట్లాడేవాడని సుగుణక్క చెబితే నేను నమ్మలేదు.

ఆ ఏడాది చలికాలం ముందు అడవిలో రోడ్డు పక్కన కొత్తగా కట్టిన ఒక అతిథి గృహం నుంచి పిలుపొచ్చింది. యజమాని హైదరాబాదులో ఎక్కడో ఆరుబయట భోజనాల దగ్గర గ్యాసు హీటర్లు చూసొచ్చాడు. గుడికి వెళ్లొచ్చే యాత్రికులు పొద్దున్నే వరండాలో చలికి వణక్కుండా ఇడ్లీ తినాలని ఆయన కోరిక. సరుకు రాసుకోవడానికి నన్నూ తీసుకెళ్లింది అక్క. హీటరంటే గోడకు పైన బిగించే పొడుగాటి డబ్బా. లోపల చిల్లుల పలక ఉంటుంది. గ్యాసు ఆ చిల్లుల్లోంచి వచ్చి మండితే పలక ఎర్రబడుతుంది, ఎదురుగా కూర్చున్నవాళ్లకు పొద్దుటెండ కాసినట్టు ఉంటుంది. బిగించడం పెద్ద పనేం కాదు. ఎక్కడ బిగించకూడదో తేల్చడానికే ఆమెకు సగం రోజు పట్టింది. పైన వెదురు తడికలున్న చోట వద్దంది. తెర ఎగిరొచ్చి తగిలే చోట వద్దంది. సిలిండరును యజమాని మెట్ల కింద గుంటలో దాచి పెట్టించాడు, బయటికి కనబడితే బాగుండదని. దాన్ని పైకి తీయించి, నేల మీద నిటారుగా, నీడలో పెట్టించింది. గ్యాసు లీకైతే పైకి పోదట, నీళ్లలాగా పల్లానికి దిగి అక్కడే కూర్చుంటుందట. గొట్టాలు బిగించాక సబ్బు నురగ రాసి బుడగలు లేస్తాయేమో చూడాలి కదా, అది తాను చేయకుండా వంటాయన్ను పిలిచి అతని చేత చేయించింది. "నేను పోయినంక దినాం చూసుకునేది నువ్వే. నా చెయ్యి చూస్తే నీకేం వస్తది? అగ్గిపుల్ల గీసి చూసినవంటే మాత్రం నీ వంట నువ్వే అయితవ్" అంది. వంటాయన భయంతో తల ఊపాడు.

అన్నీ అయ్యాక హీటర్లు వెలిగించింది. ఇక వెళ్తామనుకుని నేను సంచి సర్దాను. అక్క మాత్రం యజమాని కుర్చీ లాక్కుని హీటరు కింద కూర్చుని టీ తెమ్మంది. ఇది ఆమె పద్ధతి. ఎక్కడ బిగించినా ఒక టీ తాగేదాకా కదిలేది కాదు. ఊదుకుంటూ, చప్పరిస్తూ తాగేది. ఆ సేపంతా హీటరు వైపు ఒకటి రెండుసార్లే చూసేది, పలక అంతా ఒకే తీరుగా ఎర్రబడిందా, ఎక్కడైనా నల్ల మచ్చలున్నాయా, పసుపు మంట నాలుకలు చాస్తోందా అని. తర్వాత చుట్టూ చూసేది. మనుషులు ఎటు నడుస్తున్నారు, తెరలు ఎవరు దింపుతారు, పిల్లలు ఏది లాగుతారు అని. నేను దానికి టీ పరీక్ష అని పేరు పెట్టాను. ఆమెకు తెలిసి, "పేరు మంచిగనే పెట్టినవ్" అని మురిసిపోయింది.

ఆ రోజు టీ సగంలో ఉండగా యజమాని పనివాళ్లను పిలిచి వరండాకు చుట్టూ ప్లాస్టిక్ పట్టాలు దింపించడం మొదలుపెట్టాడు.

"అవెందుకు దింపుతున్నవ్?" అంది అక్క.

"మంచు లోపలికొస్తుందక్కా. పట్టాలు దింపితే వెచ్చదనం బయటికి పోదు."

"మంచు రావద్దంటే అందరికీ స్వెట్టర్లియ్యి. ఇది ఆరుబయట వాడేటిది. మంట మండాలంటే గాలి కావాలె. చుట్టూ మూసినవనుకో, ఉన్న మంచిగాలి అది తింటది. ఇగ సక్కగ మండది. సక్కగ మండకపోతే విషం పుడతది. ఆ విషానికి రంగు లేదు, వాసన లేదు. నిద్ర వచ్చినట్టే ఉంటది."

"నా వరండా అక్కా ఇది" అన్నాడు ఆయన, నవ్వుతూనే, కాస్త గట్టిగా.

"వరండా నీదే. మంట నాది. పట్టాలు దించుతనంటే విప్పుకపోత."

నిజంగానే బోల్టులు విప్పే పాన తీసింది. యజమాని తగ్గాడు. అయినా ఆమె నమ్మలేదు. మర్నాడు మాస్టారును వెంటబెట్టుకుని బస్సెక్కి పోయి, రెండు వైపుల పట్టాలను పైకి చుట్టించి, మళ్లీ దింపడానికి వీల్లేకుండా దబ్బనంతో కుట్టించేసింది. ఆ అతిథి గృహం వాళ్లు ఇంకోసారి మమ్మల్ని పిలవలేదు. దానికి ఆమె బాధపడ్డట్టు నాకు కనబడలేదు. నేను మాత్రం ఇంత చాదస్తం పనికిరాదు, వచ్చే పని కూడా పోతుంది అనుకున్నాను.

ఆ చాదస్తం ఎక్కడిదో ఒకసారి మాటల్లో బయటపడింది. వాళ్ల నాన్న బొగ్గు బాయిలో, భూమి కింది గనిలో, దిగి పనిచేసేవాడు. పని అయి ఇంటికొచ్చాక లోపలికి రాకుండా వాకిట్లో మంచం మీద కూర్చునేవాడట. చలైనా, సన్న చినుకు పడుతున్నా అక్కడే. వాళ్లమ్మ, "లోపలికి రారాదా, అన్నం చల్లారుతది" అని అరిస్తే, "గాలి తింటున్న, ఆగు" అనేవాడట. కడుపు నిండేదాకా గాలి తిని, అప్పుడు అన్నానికి లేచేవాడు. అది చెప్పి సుగుణక్క, "బాయిల దిగినోళ్ల ఇంట్ల పుట్టినోళ్లం పిల్లా, గాలి పుక్కటికి వస్తదని మాకెవలు చెప్పినా నమ్మం" అంది. నేను బిల్లు రాస్తూ విన్నాను. విని, మళ్లీ బిల్లులో పడ్డాను.

మరుసటి ఏడు నాకు నెలలు నిండి పురిటికి పెనుబల్లి వెళ్లాను. పుష్యమాసం. పొద్దెక్కినా మంచు విడవని రోజులు. మా ఇంట్లో పురుడంటే మా నాయనమ్మ రాజ్యం. బాలింత చెవుల్లో దూది పెట్టాలి, తలకు గుడ్డ కట్టాలి, గదిలోకి చిటికెడు గాలి రాకూడదు. కిటికీ రెక్కల సందుల్లో పాత చీర పేలికలు కుక్కింది. గడప కింద గోనెసంచి మడిచి పెట్టింది. మంచం కింద కుంపటి. మా అమ్మకు మూడు పురుళ్లు అలాగే జరిగాయి, నాయనమ్మకు అంతకన్నా ఎక్కువే జరిగాయి. కాదనేందుకు ఎవరికి నోరుంది? కుంపటి పొగకు నా కళ్లు నీళ్లు కారేవి, పాప తుమ్మేది. ఏడుపు కూడా మామూలు ఏడుపు కాదు, ఇల్లు పీకి పందిరి వేసేది. వీధి చివరి వాళ్లు కూడా పలకరించడానికి వచ్చినప్పుడు, "మీ పిల్ల గొంతు మాకు వినబడుతోంది" అనేవాళ్లు.

మా తమ్ముడు రవికి ఇంటి వెనక చేనులో కోళ్ల షెడ్డు ఉంది. నా కళ్లు చూసి వాడికి జాలేసింది. షెడ్డులో అదనంగా ఉన్న గ్యాసు బ్రూడరు ఒకటి పట్టుకొచ్చాడు. గొడుగులాంటి రేకు, దాని లోపల ఎర్రగా మండే పలక. షెడ్డులో పైనుంచి గొలుసుతో వేలాడదీస్తే కింద కోడిపిల్లలు వెచ్చగా తిరుగుతుంటాయి. గదిలో దూలానికి ఉయ్యాల కొక్కెం ఎలాగూ ఉంది. పాపకు ఇంకా ఉయ్యాల కట్టలేదు. ఆ కొక్కేనికే బ్రూడరు తగిలించాడు, సిలిండరు మూలన పెట్టాడు.

"పొగ లేదు, బూడిద లేదు నానమ్మా. కోడిపిల్లలకే ఇంత చేస్తున్నాం, మా అక్క బిడ్డకు చెయ్యకపోతే ఎట్లా?" అన్నాడు.

నాయనమ్మ మురిసిపోయింది. కుంపటి తీసి పెరట్లో పారేయించింది. వీధిలో వాళ్లను పిలిచి మరీ చూపించింది. వెలిగించినప్పుడు సన్నగా ఈక కాలిన వాసన వచ్చింది, అయినా నాకూ హాయిగానే అనిపించింది. అతిథి గృహం వరండా మాట వేరు, పురిటి గది మాట వేరు. ఆ ఇంట్లో ఉన్న మా అందరి లెక్కా అదే.

తర్వాత నాకు తలనొప్పి పట్టుకుంది. స్నానానికని పెరట్లోకి వెళ్తే తగ్గేది, గదిలోకి వస్తే మళ్లీ మొదలయ్యేది. వికారం. కాళ్లలో సత్తువ లేదు. "బాలింత తల అట్లాగే ఉంటది, పడుకో" అనేది నాయనమ్మ. పాప ఏడవడం తగ్గించింది. పాలకు కూడా లేపాల్సి వచ్చేది. లేపితే రెండు గుక్కలు తాగి మళ్లీ కళ్లు మూసేది. చూడ్డానికి వచ్చినవాళ్లంతా, "ఎంత బుద్ధిమంతురాలమ్మా, ఏడుపే లేదు" అని మెచ్చుకున్నారు. నాయనమ్మ ఆ మెప్పంతా బ్రూడరు ఖాతాలో, తన మనవడి ఖాతాలో వేసింది.

అలాంటి ఒక మంచు పొద్దున సుగుణక్క వచ్చింది. సత్తుపల్లి వైపు షెడ్లలో పని పెట్టుకుని, దారిలో పిల్లను చూసిపోదామని దిగింది. చేతిలో చక్కెర పొట్లం, మాస్టారు కుట్టిన చిన్న గౌను. కాళ్లు కడుక్కుని, గోనెసంచి జరిపి లోపలికొచ్చింది. నా మొహం చూసింది. పాపను చూసింది. నెత్తిమీద ఎర్రగా మండుతున్న బ్రూడరును చూసింది. పలకలో సగం నల్లగా ఉంది, అంచుల్లో పసుపు మంట. ఆమె అరచేయి గోడకు ఆనించి, తీసి చూసుకుంది. చేయి తడి. సున్నపు గోడ మీద నీళ్లు చారలు కట్టి కారుతున్నాయి. రోజూ చూస్తూనే ఉన్నాం, మంచు వల్లనే అనుకున్నాం. గ్యాసు మండితే ఆవిరి పుడుతుందని, బయటికి పోయే దారి లేకపోతే అదే గోడల మీద నీరవుతుందని తర్వాత అక్క చెప్పింది.

"పాప ఏడుస్తదా పెద్దమ్మా?" అని అడిగింది.

"అబ్బే, మా బంగారు తల్లి. మొన్నటిదాకా అల్లరి. ఇప్పుడు నోరే తెరవదు. వెచ్చగా ఉంది గదా, హాయిగా పడుకుంటంది" అంది నాయనమ్మ.

సుగుణక్క వంగి, నా పక్కలోంచి పాపను ఎత్తుకుని, అడక్కుండా, చెప్పకుండా బయటికి నడిచింది. గది దాటింది, వసారా దాటింది, మంచు కురుస్తున్న వాకిట్లో నిలబడింది. అక్కడి నుంచి అరిచింది. "తమ్మీ! మీ అక్కను ఎత్తుకరా బైటికి! జల్దీ! ముందుగాల మనుషులు, తర్వాత మంట!"

రవి నన్ను ఎత్తుకొచ్చి వసారా నేల మీద పడుకోబెట్టాడు. తర్వాత లోపలికి పరుగెత్తి సిలిండరు కట్టేసి, ఊపిరి బిగబట్టి కిటికీ రెక్కలు తన్నాడు. నాయనమ్మ గుండెలు బాదుకుంటోంది. పసిగుడ్డును మంచులోకి తెచ్చింది, చంపడానికే వచ్చింది, ఎవరే ఈవిడ అని. వీధిలో జనం పోగయ్యారు. సుగుణక్కకు ఇవేవీ పట్టలేదు. పాపను అరచేతుల్లో పెట్టుకుని, చీర కొంగు కప్పి, మొహం మాత్రం బయటికి ఉంచింది. అరికాలు మీద వేలితో కొడుతోంది. పాప మెడ పక్కకు వాలిపోయి ఉంది. "ఏడువే తల్లీ. ఏడువు. నన్ను తిట్టు" అంటోంది. నేను లేవబోయాను, కాళ్లు లేవలేదు. నా బిడ్డ చచ్చిపోయిందనే అనుకున్నాను.

అప్పుడు పాప ఏడ్చింది. మొదట పిల్లి కూన కన్నా సన్నగా. ఆగింది. మళ్లీ కొంచెం గట్టిగా. నాయనమ్మ ఒక్క ఉదుటున వెళ్లి, "ఊరుకో తల్లీ, ఊరుకో నా బంగారం" అంటూ చేతులు చాచింది. సుగుణక్క ఆమెను భుజంతో ఆపింది.

"ఏడువనీ పెద్దమ్మా. నేను వింటున్న" అంది.

ఆమె కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. సుగుణక్క ఏడవగా చూడడం నాకు అదే మొదలు, అదే చివర.

రవి షెడ్డు వ్యానులో సత్తుపల్లి పిల్లల దవాఖానాకు పోయాం. చలి వేస్తున్నా అద్దాలన్నీ దింపే పోయాం. డాక్టరమ్మ నాకూ పాపకూ ఆక్సిజను పెట్టించి, గదిలో ఏం మండుతోందని అడిగింది. సుగుణక్క చెప్పబోయి, ఎందుకో ఆగి, మా తమ్ముడి వైపు చూసింది. వాడే చెప్పాడు. చెబుతూ చెబుతూ వెక్కి వెక్కి ఏడ్చాడు. పాపకు గండం తప్పిందని డాక్టరమ్మ చెప్పేదాకా మాలో ఎవరమూ కూర్చోలేదు.

ఇంటికొచ్చాక సుగుణక్క రవిని తిడుతుందని అందరం చూశాం. తిట్టలేదు. బ్రూడరును వాకిట్లోకి తెప్పించి, వాడి చేతనే విప్పించింది. గాలి లోపలికి పోయే గొట్టంలో వరి పొట్టు, ఈకలు. దాని చివర కందిరీగ మట్టి గూడు. వాడు సూది తీసి గ్యాసు వచ్చే సన్న బెజ్జాన్ని పొడవబోతే చేయి పట్టుకుంది. "సూది పెట్టకు, బెజ్జం పెద్దగైతది. మెత్తటి కుంచె చాలు. వానలైపోయినంక ప్రతిసారి ఇట్ల విప్పి చూసుకో. వాడకుండ పెట్టినదాంట్లనే పురుగులు ఇల్లు కడతయి." తర్వాత మెల్లగా, "పనిముట్టు మంచిదే తమ్మీ. నీ షెడ్డుకు చుట్టూ జాలీ ఉన్నది. పురిటి గదికి ఏమున్నది? నువ్వు పాప మీద ప్రేమతోనే తెచ్చినవ్, నిన్ను ఎవలేమన్నరు" అని వాడి తల నిమిరింది.

నాయనమ్మతో పంచాయితీ అంత తేలిగ్గా తెగలేదు. సుగుణక్క ఆమె మంచం పక్కన నేల మీద కూర్చుంది. "పిల్లకు చలి తగలొద్దని నువ్వంటవ్, నేను గూడ అదే అంట. ఇటుకలు బయట పొయ్యి మీద వేడి చేసి, గుడ్డ చుట్టి మంచం కాడ పెట్టు. కుంపటి వద్దు, గ్యాసు వద్దు. కిటికీ మాత్రం జానెడు తెరిచి ఉంచాలె. ఆ కిటికీ నీ జిమ్మ పెద్దమ్మా. ఇంకెవలకీ అప్పజెప్పను" అంది. నాయనమ్మ మొహం గోడకు తిప్పుకుంది. సుగుణక్క బస్సెక్కాక మిరపకాయలు తీసుకుని పాపకు దిష్టి తీసింది. ఆ దిష్టి ఎవరిదో వీధి వీధంతా తెలిసేలా తీసింది.

మర్నాడు పొద్దున చూస్తే కిటికీ జానెడు తెరిచి ఉంది, మూసుకుపోకుండా మధ్యలో కట్టెపుల్ల పెట్టి ఉంది. మా అమ్మ ఎవరు తెరిచారని అడిగింది.

"పిల్లి వచ్చి పోవద్దా?" అంది నాయనమ్మ.

మా ఇంట్లో పిల్లి లేదు. ఆ మాట ఎవరూ ఆమెకు గుర్తు చేయలేదు.

పాప మెడ నిలిపాక మణుగూరు వచ్చేశాను. దుకాణంలో అడుగుపెట్టగానే, "అక్కా, నాకు బిల్లులొద్దు, పని నేర్పు" అన్నాను. "మరి బిల్లులెవలు రాస్తరు?" అంది. పక్క గదిలోంచి మాస్టారు, "నేను రాస్తా" అన్నాడు. ఆయన నా ఎదుట తనంతట తాను మాట్లాడిన కొద్ది మాటల్లో అదొకటి. అలా పాన పట్టుకున్నాను. ఇద్దరు ఆడవాళ్లు నిచ్చెనెక్కి పైపులు బిగిస్తుంటే చూడ్డానికి జనం గుమిగూడేవాళ్లు. అక్క నిచ్చెన మీది నుంచి, "చూసింది చాలు, ఒకలు వచ్చి నిచ్చెన పట్టుకోండ్రి" అనేది. పాపకు దుకాణంలోనే ఉయ్యాల కట్టాం. గొంతు మళ్లీ పాత గొంతే. ఒకసారి ఒక పెద్దమనిషి చిరాకుపడి, "ఆ పిల్లను ఊకోబెట్టరాదా" అన్నాడు. సుగుణక్క బర్నరు మీంచి తలెత్తి, "ఎందుకు? నీ చెవులు కిరాయికి తెచ్చినవా?" అంది. ఏడుపంతా విన్నాకే ఎత్తుకునేది. ఆకలి ఏడుపు, నిద్ర ఏడుపు, ఊరికే ఏడుపు, అన్నీ ఆమెకు నా కన్నా బాగా తెలిసేవి.

కిందటేడు వానాకాలంలో సుగుణక్క పోయింది. గుండె జబ్బు. చివరి రోజుల్లో మంచం వాకిట్లో వేయమందట. మాస్టారు రేకు పందిరి కట్టి, కింద మంచం వేశాడు. నేనూ మా అమ్మాయీ వెళ్లాం. మా అమ్మాయి ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది, ఎవరితోనైనా వాదన పెట్టుకుంటుంది, ఎక్కడ నేర్చిందో నాకు తెలుసు. దవాఖానాకు పోదాం పద అని ఆమెతో గొంతు పెద్దది చేసి వాదించింది. అక్క మంచం మీద పడుకుని, కళ్లు మూసుకుని, మొహమంతా నవ్వుతో వింది. "ఆగకు, ఇంక గట్టిగ ఒర్రు" అంది.

మొన్న ఆ హోటలు వరండాలో హీటర్లన్నీ వెలిగాక నేనూ కుర్చీ లాక్కుని టీ తెమ్మన్నాను. పలకలు ఒకే తీరుగా ఎర్రగా ఉన్నాయి. ఒక పక్క పట్టా తాడు వదులుగా కనిపిస్తే లేచి పైకి చుట్టి ముడేసి వచ్చాను. సగం టీ తాగేసరికి లోపలి గదిలోంచి పసిబిడ్డ ఏడుపు మొదలైంది, చెవులు చిల్లులు పడేలా. హోటలాయన నొచ్చుకుంటూ, "మా మనవరాలు మేడం, ఏమనుకోకుండ్రి. ఇప్పుడే ఊకోబెట్టిస్త" అని లోపలికి పోబోయాడు.

"ఏడవనివ్వండి. నేను వింటున్నాను" అన్నాను.

ఆయన వింతగా చూసి ఆగిపోయాడు. టీ అయిపోయింది. పాప ఇంకా ఏడుస్తూనే ఉంది. నేను మరికాసేపు అక్కడే కూర్చున్నాను.